కోళ్ల పెంపకంలో ముందుగా తెలుసుకోవలసిన మాటలు

కొత్తగా కోళ్లు పెంచదలచినవారు షెడ్డు ఎంత ఉండాలి, దాణా ఎంత పడుతుంది, ఏ జబ్బులు వస్తాయి అని అడుగుతారు గానీ, ఆ పనిలో వాడే మాటల గురించి అడిగేవారు తక్కువ. పిల్లలు కొన్నప్పుడు ఇచ్చే రసీదు మీదా, దాణా బస్తా మీదా, టీకా సీసా మీదా ఉండేవి ఆ మాటలే కాబట్టి, వాటిని పొరబాటుగా అర్థం చేసుకుంటే నష్టం నేరుగా కోడికే తగులుతుంది. ఎదిగే కోళ్లకు వేసే గ్రోయర్ దాణాకు బదులు, గుడ్లు పెట్టే కోళ్లకు వేసే లేయర్ దాణా తెచ్చి 8 వారాల పెట్టలకు కొన్ని వారాల పాటు వేస్తే, అందులో ఎక్కువగా ఉండే కాల్షియం వాటి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అందువల్ల ఇక్కడ మాటలను అకారాది క్రమంలో కాక, కోడి బతుకు సాగే క్రమంలో, ఒక్కొక్క మాట తెలిసినవారు చేయవలసిన పనితో కలిపి వివరిస్తున్నాను.

వయసు, లింగం, ప్రయోజనం

పెట్ట, పుంజు, పిల్ల అనే మాటలు అందరికీ తెలిసినవే అయినా, పెంపకంలో అవి చాలవు. ఇంకా గుడ్లకు రాని ఆడకోడికి ఇచ్చే దాణా, వెలుతురు గుడ్లు పెడుతున్న ఆడకోడికి పనికిరావు కనుక, ఆ రెండింటికీ వేర్వేరు పేర్లు అవసరమయ్యాయి. ఏడాది నిండని ఆడకోడిని, ముఖ్యంగా ఇంకా గుడ్లకు రాని దానిని పుల్లెట్ అనీ, ఏడాది నిండని పుంజును కాక్‌రెల్ అనీ అంటారు. వృషణాలు తీసివేసి మాంసం కోసం పెంచే పుంజుకు కేపన్ అని పేరు. ఇది పుస్తకాల్లో కనబడే మాటే తప్ప, చిన్న పెంపకందారుకు దానితో పని పడదు.

గుడ్ల కోళ్ల వయసును మూడు దశలుగా చెబుతారు. పుట్టిన రోజు నుంచి దాదాపు 8 వారాల వరకు చిక్ దశ, అక్కడి నుంచి గుడ్లకు వచ్చేవరకు గ్రోయర్ దశ, ఆ తరువాత లేయర్ దశ. గుడ్ల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన జాతుల్లో 18 నుంచి 20 వారాల మధ్య మొదటి గుడ్డు పడుతుంది. ఆ మలుపును పాయింట్ ఆఫ్ లే అంటారు. ఈ వయసు పెట్టలని చెప్పి ఎవరైనా అమ్మజూపినప్పుడు మాటను నమ్మి ఊరుకోకుండా తురాయిని చూడాలి. గుడ్లకు దగ్గరపడిన పెట్టకు తురాయి ఎర్రబడి పెరుగుతుంది. పాలిపోయి చిన్నదిగా ఉంటే ఆ పెట్ట గుడ్డు పెట్టడానికి ఇంకా వారాలు పడుతుంది, అన్ని రోజులూ దాణా ఖర్చు కొన్నవారిదే.

రసీదులో డే ఓల్డ్ చిక్ అని ఉంటే అది పుట్టి ఒక రోజు దాటని పిల్ల. గుడ్డులోంచి బయటికి రాకముందే పిల్ల పచ్చసొనలో మిగిలిన భాగాన్ని కడుపులోకి లాగుకుంటుంది. ఆ నిల్వతో రెండు మూడు రోజుల పాటు బతకగలదు కాబట్టే పిల్లలను పెట్టెల్లో దూరప్రాంతాలకు పంపగలుగుతున్నారు. అయితే బతకగలగడం వేరు, బాగా ఎదగడం వేరు. నీళ్లు, దాణా ఎంత త్వరగా అందితే ఎదుగుదల అంత బాగుంటుంది.

స్ట్రెయిట్ రన్ అంటే లింగం వేరు చేయని పిల్లలు. వాటిలో సుమారు సగం పుంజులే ఉంటాయి కాబట్టి, గుడ్ల కోసం పెంచేవారు ధర తక్కువగా ఉందని ఇవి తీసుకుంటే చేరిన వాటిలో సగం గుడ్డు పెట్టనివే అవుతాయి. లింగం వేరు చేసిన పిల్లలను సెక్స్‌డ్ చిక్స్ అంటారు. వేరు చేయడానికి మూడు దారులున్నాయి: మలద్వారం లోపలి చిన్న బొడిపెను చూసి చెప్పడం, రెక్క ఈకల పొడవును పోల్చి చెప్పడం, నూగు రంగును బట్టి చెప్పడం. మొదటిది బాగా సాధన చేసినవారికే సాధ్యం. మిగిలిన రెండూ అందుకోసమే జతకట్టించిన జాతుల్లో తప్ప పనిచేయవు గనుక, ఏ కోడిపిల్లనైనా రెక్క విప్పి చూసి పెట్టో పుంజో చెప్పేస్తామనే మాటను పట్టించుకోనక్కరలేదు.

ప్రయోజనాన్ని బట్టి చూస్తే గుడ్ల కోడి లేయర్, మాంసపు కోడి బ్రాయిలర్, రెండింటికీ పనికొచ్చేది డ్యూయల్ పర్పస్ కోడి. వైట్ లెగ్‌హార్న్ మొదటి రకానికి, రోడ్ ఐలాండ్ రెడ్ మూడవ రకానికి పేరు పొందిన జాతులు. నేటి బ్రాయిలర్లకు ఒక్క జాతి అంటూ లేదు. కార్నిష్, ప్లిమత్ రాక్ జాతుల మూలం నుంచి తరతరాలుగా ఎంపిక చేసి తెచ్చిన సంకరాలు అవి. బ్రాయిలర్ అనే మాట ఆడ మగ రెండింటికీ వర్తిస్తుంది. అవి 35 నుంచి 42 రోజుల్లో రెండు కిలోలు దాటుతాయి. ఆ వేగానికి కారణం హార్మోన్ ఇంజెక్షన్లని చాలామంది అనుకుంటారు గానీ, అసలు కారణాలు జాతి ఎంపిక, సమతుల్యమైన దాణా, అదుపులో ఉన్న వాతావరణం. వేల కోళ్లను ఒక్కొక్కటిగా పట్టుకుని రోజూ సూది వేయడం ఎవరివల్లా కాదు.

సంకరజాతి కోళ్ల విషయంలో పేరెంట్ స్టాక్, కమర్షియల్ అనే రెండు మాటలు వినిపిస్తాయి. పేరెంట్ స్టాక్ తల్లిదండ్రుల మంద. కమర్షియల్ అంటే మనకు అమ్మే పిల్ల. కమర్షియల్ కోళ్ల గుడ్లను పొదిగిస్తే పుట్టే పిల్లలకు తల్లి గుణాలు నిలకడగా రావు. పిల్లలను ఇంట్లోనే తయారుచేసుకోవాలనుకునేవారు అందుకే శుద్ధ జాతినిగానీ నాటు కోళ్లనుగానీ ఎంచుకోవాలి. బాంటమ్ అనేది ఒక జాతి పేరు కాదు, పొట్టి రకాలన్నిటికీ కలిపి వాడే మాట.

ఒంటి భాగాలు చెప్పే కబుర్లు

తురాయి, గడ్డం కింద వేలాడే వాటిల్స్ ఒంటి వేడిని బయటికి పంపే అవయవాలు. తురాయి నీలం తిరిగితే రక్తప్రసరణలోగానీ శ్వాసలోగానీ తేడా ఉందనీ, పాలిపోతే రక్తహీనతో పరాన్నజీవులో గుడ్ల విరామమో అనీ అనుమానించాలి. మెడ అడుగున ఉండే మేత సంచిని క్రాప్ అంటారు. రాత్రి నిండుగా, ఉదయానికి ఖాళీగా ఉండటం దాని సహజ లక్షణం. ఉదయం కూడా గట్టిగా నిండి ఉంటే గడ్డిపోచలు చిక్కుకుని అడ్డుపడ్డాయేమో చూడాలి. క్రాప్ నుంచి మేత జీర్ణరసాలు ఊరే చిన్న పొట్టలోకి, అక్కడి నుంచి కందనకాయలోకి వెళుతుంది. కోడికి పళ్లు లేవు కనుక, కందనకాయే మింగిన చిన్న రాళ్ల సాయంతో గింజలను నలుపుతుంది. ఆ రాళ్లను గ్రిట్ అంటారు. గుడ్డు పెంకు కోసం వేసే ఆల్చిప్పల పొడి గ్రిట్ పని చేయదు, అది కరిగిపోయే కాల్షియం. గట్టి రాయి కాల్షియం ఇవ్వదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించి ఏదో ఒకటి వేసి ఊరుకోవడం తరచుగా జరిగే పొరబాటు.

మలం, గుడ్డు ఒకే ద్వారం గుండా బయటికి వస్తాయి. దీనిని వెంట్ అంటారు. గుడ్లు పెట్టని కోడిని గుర్తించి మందలోంచి తీసివేయడం కల్లింగ్. అందుకు వెంట్‌ను, దాని పక్కన చేతికి తగిలే రెండు కటి ఎముకలను చూడటం కంటే మంచి పద్ధతి లేదు. గుడ్లు పెడుతున్న పెట్టకు వెంట్ వెడల్పుగా, తేమగా ఉంటుంది. ఆ రెండు ఎముకల నడుమ రెండు మూడు వేళ్లు పడతాయి. పెట్టని దానికి వెంట్ ముడుచుకుని పొడిగా ఉండి, ఎముకల మధ్య ఒక వేలు పట్టడమే కష్టమవుతుంది. పసుపు చర్మపు జాతుల్లో మరో ఆనవాలు కూడా ఉంది: గుడ్లు పెట్టేకొద్దీ ఒంట్లోని పసుపు రంగు పచ్చసొనకు తరలిపోయి, ముందు వెంట్ చుట్టూ, తరువాత ముక్కు, చివరికి కాళ్లు తెల్లబడతాయి. కాళ్లు నిండు పసుపుతో మెరిసే పెట్ట చూడటానికి అందంగా ఉన్నా, అది కొంతకాలంగా గుడ్లు పెట్టడం లేదని అర్థం. రొమ్ము నడుమ నిలువుగా ఉండే కీల్ ఎముక చేతికి కత్తి అంచులా తగిలితే కోడి చిక్కిపోతోందని గ్రహించాలి.

గుడ్డు, వెలుతురు

ఒక గుడ్డు తయారు కావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందులో దాదాపు 20 గంటలు పెంకుకే పోతాయి. అందుకే పెట్ట ప్రతిరోజూ నిన్నటి కంటే కొంత ఆలస్యంగా గుడ్డు పెడుతూ, ఆ వేళ సాయంత్రానికి జారిన తరువాత ఒక రోజు మానేస్తుంది. అలా మానకుండా వరుసగా పెట్టిన గుడ్లను ఒక క్లచ్ అంటారు. పొదుగులో కూర్చున్న పెట్ట కింది గుడ్లనూ క్లచ్ అనే అంటారు గనుక, సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలి. గుడ్డు పెట్టడానికి పుంజు అవసరం లేదు. గుడ్డులో పిల్ల ఎదగాలంటేనే పుంజు ఉండాలి. అందుకోసం 8 నుంచి 12 పెట్టలకు ఒక పుంజును వదులుతారు.

గుడ్ల ఉత్పత్తిని నడిపించేది దాణా ఒక్కటే కాదు, పగటి నిడివి కూడా. లేయర్లకు రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. దీపాలతో ఆ గంటలను పూరించడాన్ని లైటింగ్ ప్రోగ్రామ్ అంటారు. దీనిలో గుర్తుంచుకోవలసిన నియమాలు రెండే: ఎదిగే పెట్టలకు వెలుతురు గంటలు పెంచకూడదు, గుడ్లు పెడుతున్న పెట్టలకు తగ్గించకూడదు. మొదటి నియమం తప్పితే ఒళ్లు సిద్ధం కాకముందే గుడ్లకు వచ్చి, పెట్టలు చిన్న గుడ్లు పెడుతూ, ఒక్కోసారి గర్భాశయ నాళం బయటికి జారి చనిపోతాయి. ఆ జారడాన్ని ప్రొలాప్స్ అంటారు. రెండవ నియమం తప్పితే ఈకలు రాల్చి గుడ్లు ఆపేస్తాయి. ఈకలు రాల్చడం, అంటే మోల్టింగ్, రోగం కాదు. ఏటా పగలు తగ్గే కాలంలో సహజంగా జరిగి, కొత్త ఈకలు వచ్చేవరకు రెండు మూడు నెలలు సాగుతుంది. ఈకలకు ప్రొటీన్ ఎక్కువ కావాలి కాబట్టి, ఆ సమయంలో గుడ్లు లేవని దాణా నాణ్యత తగ్గించడం తెలివైన పని కాదు.

పొదగడం

పొదుగుకు వచ్చిన పెట్ట గుడ్లు ఆపి, గూడు వదలకుండా, దగ్గరకు వెళితే ఒళ్లు ఉబ్బించి కొరకొర లాడుతుంది. దీనిని బ్రూడీ అంటారు. పిల్లలు కావాలంటే ఇది వరం; గుడ్లు కావాలంటే నష్టం. మాన్పించడానికి కింద నుంచి గాలి తగిలేలా తీగల అడుగు ఉన్న బోనులో, గడ్డి లేకుండా, దాణా నీళ్లు పుష్కలంగా ఇస్తూ కొద్దిరోజులు ఉంచితే చాలు. నీళ్లలో ముంచడం, ఆకలికి మాడ్చడం వంటి మొరటు పద్ధతులు అనవసరం.

యంత్రంతో పొదిగించేది ఇంక్యుబేటర్. హేచరీలు అనే పెద్ద పొదిగింపు కేంద్రాల్లో మొదటి 18 రోజులు ఉంచే యంత్రాన్ని సెట్టర్ అనీ, చివరి 3 రోజులకు మార్చే యంత్రాన్ని హేచర్ అనీ అంటారు. కోడిగుడ్డుకు మొత్తం 21 రోజులు. బాతు, టర్కీ గుడ్లకు 28, మస్కోవీ బాతుకు 35, గినీ కోడికి 26 నుంచి 28, జపాన్ కౌజుకు 17 లేదా 18 రోజులు పడుతుంది. కాబట్టి వేర్వేరు జాతుల గుడ్లను ఒకేసారి యంత్రంలో పెడితే ఒకే రోజున పిల్లలు రావు. ఫ్యాను ఉన్న యంత్రంలో వేడి 37.5 డిగ్రీల సెల్సియస్, గాలిలో తేమ మొదట 50 నుంచి 55 శాతం, చివరి 3 రోజులు 65 నుంచి 70 శాతం ఉండాలి. గుడ్డు మొద్దు కొన పైకి ఉండాలి, ఎందుకంటే గాలి గది అటువైపే ఉంటుంది. పిండం పెంకు పొరకు అంటుకుపోకుండా 18వ రోజు వరకు రోజుకు చాలాసార్లు గుడ్లను తిప్పుతారు. ఆ తరువాత తిప్పడం ఆపి, యంత్రం తలుపు తెరవకుండా ఉంచే చివరి దశను లాక్‌డౌన్ అంటారు.

చీకటిలో గుడ్డు వెనుక దీపం పెట్టి లోపల చూడటం క్యాండ్లింగ్. 7వ రోజున చూస్తే ఎదుగుతున్న గుడ్డులో ఎర్రటి నరాలు సాలెగూడులా వ్యాపించి ఉంటాయి. ఏమీ లేకుండా తేటగా ఉన్నది ఫలదీకరణ జరగని గుడ్డు. నరాలు లేకుండా ఎర్రటి వలయం ఒక్కటే కనబడితే పిండం మధ్యలో చనిపోయింది. పిల్ల ముక్కుతో పెంకుకు మొదటి బీట వేయడాన్ని పిప్పింగ్ అంటారు. బీట వేసిన తరువాత పూర్తిగా బయటికి రావడానికి చాలా గంటలు, ఒక్కోసారి ఒక రోజు కూడా పట్టవచ్చు. ఆ వ్యవధిలోనే పచ్చసొన, పెంకు పొరలోని రక్తం పిల్ల ఒంట్లోకి చేరుతాయి గనుక, జాలిపడి పెంకు ఒలిస్తే రక్తం కారి పిల్ల చనిపోయే ప్రమాదం ఉంది.

ఈ దశలో లెక్కకు సంబంధించిన రెండు మాటలను కలగలపకూడదు. పెట్టిన గుడ్లలో ఫలదీకరణ జరిగిన వాటి శాతం ఫెర్టిలిటీ; పిల్లలైన వాటి శాతం హేచబిలిటీ. 100 గుడ్లు పెడితే 90 ఫలించినవై, 72 పిల్లలు వచ్చాయనుకుందాం. ఫెర్టిలిటీ 90 శాతం. హేచబిలిటీని మొత్తం గుడ్ల మీద లెక్కిస్తే 72 శాతం, ఫలించిన గుడ్ల మీద లెక్కిస్తే 80 శాతం. ఫెర్టిలిటీ తగ్గితే పుంజులను, వాటి సంఖ్యను, వయసును పరిశీలించాలి. ఫెర్టిలిటీ బాగుండి పిల్లలు తగ్గితే యంత్రాన్ని, గుడ్లు నిల్వ చేసిన తీరును అనుమానించాలి. వారం దాటి నిల్వ ఉన్న గుడ్లలో పిల్లలు రావడం తగ్గుతూ పోతుంది.

బ్రూడింగ్

కొత్తవారు ఎక్కువ పిల్లలను పోగొట్టుకునేది ఇక్కడే కాబట్టి, ఈ మాటను నిదానంగా తెలుసుకోవాలి. తల్లి లేని పిల్లలకు వేడి ఇచ్చి పెంచడం బ్రూడింగ్. వేడి ఇచ్చే పరికరం బ్రూడర్. మొదటి వారం పిల్లల వీపు ఎత్తున 35 డిగ్రీల వేడి ఉండేలా చూసి, వారానికి దాదాపు 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ, ఈకలు నిండేసరికి బయటి వేడికి అలవాటు చేస్తారు. పిల్లలు దూరంగా పోకుండా, పక్కనుంచి వచ్చే గాలి తగలకుండా బ్రూడర్ చుట్టూ పెట్టే పొట్టి తడకను చిక్ గార్డ్ అంటారు. దానిని గుండ్రంగానే పెట్టాలి. మూలలు ఉంటే పిల్లలు అక్కడ ఒకదానిమీద ఒకటి పడి ఊపిరాడక చనిపోతాయి. పిల్లలు ఎదిగేకొద్దీ రెండు మూడు రోజులకోసారి దానిని వెడల్పు చేస్తూ, చివరికి తీసివేస్తారు.

థర్మామీటర్ ఉండాలి గానీ, తుది తీర్పు పిల్లలదే. అవి దీపం కింద గుమిగూడి గట్టిగా అరుస్తుంటే చలి; తడక అంచులకు చేరి, నోరు తెరిచి, రెక్కలు వాల్చితే వేడి ఎక్కువ; అన్నీ ఒకే పక్కకు ఒదిగితే ఎదుటి పక్కనుంచి గాలి కొడుతోంది; అంతటా సమంగా పరుచుకుని, తింటూ, పడుకుంటూ, సన్నగా కిచకిచలాడితే సరిగా ఉంది. రాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి ఈ పరుచుకున్న తీరును చూడాలి, ఎందుకంటే వేడి తగ్గేది ఆ వేళల్లోనే.

పిల్లలు చేరగానే ముందు నీళ్లు, తరువాత దాణా చూపాలి. కొన్నింటి ముక్కును నీళ్లలో తాకించి వదిలితే మిగిలినవి వాటిని చూసి నేర్చుకుంటాయి. దాణా తిన్నాయో లేదో తెలుసుకోవడానికి క్రాప్ ఫిల్ అనే పరీక్ష ఉంది: చేరిన మరుసటి రోజు కొన్ని పిల్లలను పట్టుకుని మేత సంచిని మెల్లగా తడిమితే, నిండుగా మెత్తగా ఉంటే మంచిదే, గట్టిగా ఉంటే నీళ్లు చాలడం లేదు, ఖాళీగా ఉంటే దాణా దొరకడం లేదు. నున్నటి కాగితం మీద పిల్లలను ఉంచితే కాళ్లు జారి రెండు పక్కలకూ విడిపోయే స్ప్లే లెగ్ వస్తుంది కనుక, గరుకైన కాగితమే పరచాలి. వెంట్‌కు మలం అంటుకుని గట్టిపడటాన్ని పేస్టీ వెంట్ అంటారు. గోరువెచ్చని నీళ్లతో తడిపి మెల్లగా తీయకపోతే మలం ఆగి పిల్ల చనిపోతుంది.

దాణా బస్తా మీది మాటలు

మాష్ అంటే పొడి దాణా, పెల్లెట్ అంటే ఒత్తి గుళికలుగా చేసినది, క్రంబుల్ అంటే గుళికలను చిదిపినది. ఇవి రూపాన్ని తెలిపే మాటలే. వయసును తెలిపేవి వేరు: చిన్న పిల్లలకు స్టార్టర్, ఎదిగేవాటికి గ్రోయర్, అమ్మకానికి ముందు బ్రాయిలర్లకు ఫినిషర్, గుడ్లు పెట్టేవాటికి లేయర్. బ్రాయిలర్ స్టార్టర్‌లో ప్రొటీన్ 22 శాతం పరిసరాల్లో, గుడ్ల జాతి పిల్లల స్టార్టర్‌లో 20 శాతం, లేయర్ దాణాలో 16 నుంచి 18 శాతం ఉంటుంది. లేయర్ దాణాను వేరు చేసేది ప్రొటీన్ కాదు, 3.5 నుంచి 4 శాతం వరకు ఉండే కాల్షియం. మిగిలిన దాణాల్లో అది ఒక శాతం దగ్గరే ఉంటుంది. పుల్లెట్లకు లేయర్ దాణా ఎందుకు వేయకూడదో, గుడ్లు పెట్టే పెట్టకు గ్రోయర్ దాణా వేస్తే పెంకు ఎందుకు పలచబడుతుందో ఈ ఒక్క అంకెతో తెలిసిపోతుంది. బస్తా మీద కాక్సిడియోస్టాట్ అని ఉంటే, అందులో కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు రాకుండా మందు కలిపారని అర్థం. అలాంటి దాణా ఒక జాతి జీవికి పనికొచ్చినా మరొకదానికి విషం కావచ్చు. ఉదాహరణకు మోనెన్సిన్ కోళ్లకు వాడేదే అయినా గుర్రాలకు ప్రాణాంతకం, గినీ కోళ్లకు కూడా సురక్షితం కాదు.

ఎఫ్‌సీఆర్ అంటే ఒక కిలో బరువు పెరగడానికి తిన్న దాణా కిలోల్లో. మంద మొత్తం 340 కిలోల దాణా తిని 200 కిలోల బరువుకు వస్తే ఎఫ్‌సీఆర్ 1.7. ఈ సంఖ్య ఎంత తక్కువైతే అంత మేలు. అది పెరిగిందంటే కోళ్లు ఎక్కువ తింటున్నాయని వెంటనే అనుకోకూడదు. తొట్టి అంచు కోడి వీపు ఎత్తుకు సరిపోక నేలపాలైన దాణా, ఎలుకలు తిన్న దాణా కూడా ఆ లెక్కలోనే చేరతాయి.

నేల, గూడు, మంద నడవడి

నేల మీద పరిచే ఊక, రంపపు పొట్టు వంటి పొరను లిట్టర్ అంటారు. మలం కలిసేకొద్దీ తిరగేస్తూ, పైన కొత్త పొర వేస్తూ నెలల పాటు అదే ఉంచితే డీప్ లిట్టర్. పిడికిట్లో నొక్కి వదిలినప్పుడు ముద్దగా నిలిచిపోతే తేమ ఎక్కువ, ఏమాత్రం అంటుకోకుండా దుమ్ముగా రాలితే మరీ పొడి, కొంచెం అతుక్కుని విడిపోతే సరైనది. తడి లిట్టర్ నుంచి అమ్మోనియా వెలువడుతుంది. మనిషి ముక్కు కొద్దిసేపటికే ఆ వాసనకు అలవాటుపడిపోతుంది కాబట్టి, షెడ్డులో అడుగుపెట్టిన మొదటి క్షణంలో, వీలైతే కోడి తల ఎత్తుకు వంగి వాసన చూడాలి. కళ్లు మండితే గాలి చాలడం లేదని అర్థం.

రాత్రి ఎక్కి కూర్చునే కర్రను పెర్చ్ అనీ, గుడ్లు పెట్టే పెట్టెను నెస్ట్ బాక్స్ అనీ అంటారు. నాలుగైదు పెట్టలకు ఒక పెట్టె చాలు. పెర్చ్ పెట్టెల కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే కోళ్లు రాత్రి పెట్టెల్లోనే పడుకుని వాటిని పాడుచేస్తాయి.

పెకింగ్ ఆర్డర్ అనే మాట మామూలు సంభాషణలోకి కూడా వచ్చేసింది గానీ, అది పుట్టింది కోళ్ల మందలోనే. ఎవరు ఎవరిని పొడవవచ్చు అనే వరుస మందలో స్థిరంగా ఉంటుందని నార్వేకు చెందిన థోర్లీఫ్ ష్యెల్‌డెరుప్-ఎబ్బె 1921లో వివరించాడు. ఆ వరుస కుదిరిన మందలోకి కొత్త కోడిని ఒక్కసారిగా వదిలితే మళ్లీ పోరు మొదలవుతుంది. కొత్త కోళ్లను ముందు కనీసం రెండు మూడు వారాలు వేరే చోట ఉంచి రోగాలు లేవని చూసుకోవడం క్వారంటైన్. ఆ తరువాత వల అడ్డంగా పెట్టి కొద్దిరోజులు ఒకదానికొకటి కనబడేలా ఉంచి కలపాలి. వరుస కోసం పొడుచుకోవడం వేరు, ఈకలు పీకి రక్తం వచ్చేలా పొడుచుకునే కానిబాలిజం వేరు. రెండవదానికి ఇరుకు, అతి వెలుతురు, ప్రొటీన్ లేదా ఉప్పు లోపం ముఖ్య కారణాలు. పెద్ద ఫారాల్లో దీనికోసం ముక్కు కొనను కత్తిరించే డీబీకింగ్ చేస్తారు. కొద్ది కోళ్లున్నవారు ముందు ఆ కారణాలను సరిచేసి చూడటమే న్యాయం. కోడి మట్టిలో పక్కకు పడి, కాళ్లు తన్నుకుంటూ దుమ్ము పోసుకుంటే కంగారు పడనక్కరలేదు. అది డస్ట్ బాత్, పేలను వదిలించుకునే సహజమైన అలవాటు.

జబ్బులు, టీకాలు

జబ్బుల పేర్లలో తికమక ఎక్కువ. న్యూకాజిల్ వ్యాధి, రాణిఖేత్, కొక్కెర తెగులు అనేవి ఒకే వైరస్ జబ్బుకు మూడు పేర్లు. గంబోరో మరో వైరస్ జబ్బు; ముఖ్యంగా 3 నుంచి 6 వారాల పిల్లల రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తుంది. మారెక్స్ అనే మరో వైరస్ వ్యాధికి టీకా పుట్టిన రోజునే హేచరీలో వేయాలి కాబట్టి, పిల్లలు కొనేటప్పుడు అది వేశారా అని అడగడం మరచిపోకూడదు. కోళ్ల మశూచిని దోమలు కూడా వ్యాపింపజేస్తాయి. కాక్సిడియోసిస్ మాత్రం వైరస్ వల్లా బాక్టీరియా వల్లా వచ్చేది కాదు, పేగుల్లో పెరిగే ఐమీరియా అనే ఏకకణ జీవి వల్ల వస్తుంది; రక్తం కలిసిన విరేచనాలు, తడి లిట్టర్ కలిసి కనబడితే ముందుగా దీనినే అనుమానించాలి. తూలడం, తుమ్మడం, పచ్చటి విరేచనాలు వంటి లక్షణాలు అనేక జబ్బుల్లో ఉంటాయి గనుక, లక్షణాన్ని చూసి పేరు పెట్టేయకుండా, ఒకటి రెండు రోజుల్లో మరణాలు పెరిగితే పశువైద్యుడి చేత చనిపోయిన కోడికి శవపరీక్ష చేయించడం ఉత్తమం.

లైవ్ టీకాలో బలహీనపరచిన సజీవ వైరస్ ఉంటుంది, కిల్డ్ టీకాలో చంపిన వైరస్ ఉంటుంది. మొదటిసారి వేసేది ప్రైమరీ, దాని ప్రభావాన్ని పెంచడానికి మళ్లీ వేసేది బూస్టర్. లైవ్ టీకాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో తేవాలి. ఆ చల్లదనం ఎక్కడా తెగకుండా చూడటాన్ని కోల్డ్ చెయిన్ అంటారు. తాగే నీళ్లలో కలిపి ఇచ్చేటప్పుడు క్లోరిన్ ఉన్న నీళ్లు వాడితే వైరస్ చచ్చి టీకా వృథా అవుతుంది. మందు ఆపిన తరువాత గుడ్లనుగానీ మాంసాన్నిగానీ వాడకుండా ఆగవలసిన రోజులను విత్‌డ్రాయల్ పీరియడ్ అంటారు. అది మందును బట్టి మారుతుంది కనుక, సీసా మీద చదివి తేదీ రాసిపెట్టుకోవాలి.

రోగం లోపలికి రాకుండా తీసుకునే జాగ్రత్తలన్నీ కలిపి బయోసెక్యూరిటీ. కాళ్లు ముంచే మందునీళ్ల తొట్టి దానిలో అందరికీ కనబడేది. బయటి చెప్పులు లోపలికి తేకపోవడం, ముందు చిన్న పిల్లలను చూసి తరువాతే పెద్దవాటి దగ్గరకు వెళ్లడం అంతకంటే ఎక్కువ పనిచేసేవి. ఒకే వయసు పిల్లలను ఒకేసారి చేర్చి, ఒకేసారి తీసివేసి, షెడ్డు కడిగి కొన్నాళ్లు ఖాళీగా ఉంచే పద్ధతిని ఆల్ ఇన్ ఆల్ ఔట్ అంటారు. అలా చేర్చిన మందను బ్యాచ్ అంటారు.

రిజిస్టరులో రాయవలసినవి

చనిపోయినవి మోర్టాలిటీ గడిలో, మనం తీసివేసినవి కల్లింగ్ గడిలో వేరువేరుగా రాయాలి. రెండూ కలిపితే జబ్బు మొదలైన రోజు తెలియకుండా పోతుంది. గుడ్ల శాతాన్ని రెండు విధాలుగా చెబుతారు. 200 పెట్టలతో మొదలుపెట్టి, నేటికి 190 మిగిలి, ఈరోజు 152 గుడ్లు వచ్చాయనుకుంటే, ఉన్న పెట్టల మీద లెక్కించిన హెన్ డే ఉత్పత్తి 80 శాతం, మొదట చేర్చిన పెట్టల మీద లెక్కించిన హెన్ హౌస్డ్ ఉత్పత్తి 76 శాతం. అమ్మేవారు గొప్పగా చెప్పేది తరచుగా మొదటిదే, ఎందుకంటే మరణాలు అందులో కనబడవు. మీ కోళ్లను మరొకరి కోళ్లతో పోల్చేటప్పుడు ముందు ఏ లెక్క చెబుతున్నారో అడగాలి. రోజూ రాయవలసినవి వేసిన దాణా, తాగిన నీళ్లు, గుడ్లు, మరణాలు, ఆనాటి గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు. వీటిలో నీళ్ల గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు గానీ, కోళ్లు జబ్బుపడేముందు తరచుగా మొదట మారేది ఆ అంకే.